ఫెరారీకి హైబ్రిడ్ ఎందుకు? సాగర్ డ్యామ్ దగ్గర అర్థమయ్యే లెక్క

అందరికీ నమస్తే. మొన్న నల్గొండ గడియారం సెంటర్‌లో టీ తాగుతుంటే, పక్కనున్న తమ్ముడు ఫోన్‌లో లాంబోర్గిని రెవుయెల్టో అనే హైబ్రిడ్ సూపర్‌కారు వీడియో చూస్తూ అడిగాడు: "అన్నా, ఇన్ని కోట్లు పెట్టేటోడికి మైలేజ్ ఎందుకు? హైబ్రిడ్ ఎందుకు కొంటుండు?" ఈ మాట ఎప్పుడు విన్నా నాకు మనసు ఆగదు. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీ, ఎలక్ట్రిక్ మోటారు ఉండే కారు. ఆ కార్లలో హైబ్రిడ్ పెట్టింది పెట్రోలు మిగల్చడానికి కాదు.

మన సాగర్‌నే తీసుకోండి. డ్యామ్ దగ్గర రెండు లెక్కలు చెప్తారు: లోపల ఎన్ని టీఎంసీలున్నాయి, కిందికి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు. బ్యాటరీకీ ఈ రెండే లెక్కలు. కరెంటు బిల్లులో చూసే యూనిట్లు దాని టీఎంసీలు, కిలోవాట్లు దాని క్యూసెక్కులు. ఎక్కువ దూరం పోవాలనుకునే ఎలక్ట్రిక్ కారుకు టీఎంసీలు కావాలి. సూపర్‌కారుకు కావాల్సింది క్యూసెక్కులు.

(స్క్రీన్ మీద: లాఫెరారీ, 2013)

ఫెరారీ వాళ్ల ఈ హైబ్రిడ్ సూపర్‌కారు బ్యాటరీ 2.3 యూనిట్లే. దాంతో 5 హెచ్‌పీ బోరు మోటారు నడిపితే అరగంట దాటి కాసేపు నడుస్తుంది, అంతే. కానీ ఈ కారులోని ఎలక్ట్రిక్ మోటారు బలం 163 హార్స్‌పవర్, అంటే అలాంటి బోర్లు 32 ఒక్కసారే ఆన్ చేసినంత. పూర్తి బలంతో నడిస్తే నిమిషం దాటగానే బ్యాటరీ ఖాళీ. చెరువు చిన్నది, తూము మాత్రం చాలా పెద్దది.

మరి వీ12 ఇంజిన్‌కు 800 హార్స్‌పవర్ ఉండగా ఇదెందుకు? ఇంజిన్ బలం అన్ని వేగాల దగ్గరా ఒకేలా ఉండదు. టర్బో ఉంటే ఇంకా తేడా. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరిగి, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే ఫ్యాను. పెడల్ తొక్కాక అది వేగం పుంజుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. సాగర్ ఎడమ కాలువకు గేటు ఎత్తగానే చివరి ఆయకట్టు రైతు పొలంలోకి నీళ్లు వస్తాయా? రోజులు పడుతుంది. అందాకా ఆయన బోరు ఆన్ చేస్తాడు. టర్బో ఇంజిన్ ఉన్న మెక్‌లారెన్ పీ1 అనే సూపర్‌కారులో ఎలక్ట్రిక్ మోటారు ఆ బోరు. పెడల్ తొక్కిన క్షణంలోనే అందుకుంటుంది, ఈలోపు టర్బోలు వేగం పుంజుకుంటాయి. దీన్నే టార్క్ ఫిల్ అంటారు. మొత్తం హైబ్రిడ్ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇంత చిన్న చెరువు మళ్లీ ఎలా నిండుతుంది? మళ్లీ సాగర్‌కే వద్దాం. అక్కడి ప్రధాన పవర్‌హౌస్‌లో 8 టర్బైన్లుంటే 7 రివర్సిబుల్. ఒక దిక్కు తిరిగితే కరెంటు ఇస్తాయి, ఎదురు తిరిగితే కింది నీళ్లను పైకి ఎత్తిపోస్తాయి. కారులో మోటారు కూడా అంతే. బ్రేక్ వేసినప్పుడు అదే జనరేటర్ అవుతుంది. మామూలు కారులో ఆ శక్తంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా పోతుంది. రేస్ ట్రాక్ మీద మలుపు మలుపుకీ గట్టి బ్రేకే కదా!

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. బ్రేకు శక్తిని దాచి మళ్లీ వాడుకునే ఈ పద్ధతి ఫార్ములా వన్ రేసుల్లో 2009లో కెర్స్ పేరుతో వచ్చింది. 60 కిలోవాట్లు, ల్యాప్‌కు ఆరేడు సెకన్లు. రేసర్ హామిల్టన్ అదే ఏడాది హంగేరీలో దాంతో గెలిచాడు. 2012లో ఆడి హైబ్రిడ్ కారు లీ మాన్స్ 24 గంటల రేసు గెలిచింది, అందులో బ్యాటరీ కూడా లేదు, గిర్రున తిరిగే చక్రంలో శక్తి దాచారు. 2013లో పోర్షే 918 అనే హైబ్రిడ్ కారు జర్మనీలోని నుర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌ను 6 నిమిషాల 57 సెకన్లలో చుట్టేసింది. బ్యాటరీ, మోటారుతో కారు బరువు పెరుగుతుందని కొందరు చేసే ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే, దానికి ఇంకో వీడియో కావాలి.

2014లో ఎఫ్‌వన్ వాళ్లు టర్బోను ముందే తిప్పి ఉంచడానికి దానికే ఒక మోటారు బిగించారు. కాలువలో నీళ్లు ముందే నింపి పెట్టినట్టు. 2024లో అదే ఆలోచన రోడ్డు మీద తిరిగే పోర్షే 911 జీటీఎస్‌లోకీ వచ్చింది. ఎఫ్‌వన్‌లో 2026 నుంచి ఆ టర్బో మోటారు తీసేసి, చక్రాలను నడిపే మోటారును 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచారు. క్యూసెక్కులు దాదాపు మూడింతలు.