అమ్మకు గుర్తున్న రైలు గేటు

అందరికీ నమస్కారమండీ. మన విజయవాడ సత్యనారాయణపురంలో ఇంతమంది పెద్దవాళ్ల ముందు జ్ఞాపకాల గురించి మాట్లాడటం నాకు చాలా సంతోషంగా ఉంది.

మా అమ్మకు 78 ఏళ్లు. పొద్దున బీపీ మాత్ర వేసుకుందో లేదో పదింటికల్లా గుర్తుండదు. కానీ ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట ఒకప్పుడు రైలు పట్టాలుండేవి కదా, అక్కడ గేటు పడితే రిక్షాలో కూర్చుని వేరుశనక్కాయలు తిన్న సంగతి మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. నాన్న కాయలు ఒలిచి చేతిలో పెట్టేవారట. చెబుతున్నంతసేపూ అమ్మ బొటనవేలు కాయ ఒలుస్తున్నట్టే కదులుతుంది.

2003లో అమెరికాలో సూజన్ ఛార్లెస్, మారా మాథర్, లారా కార్‌స్టెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. చిన్నవాళ్లకు, నడివయసువాళ్లకు, 65 దాటినవాళ్లకు మంచివి, చెడ్డవి, మామూలువి బొమ్మలు చూపించి, ఏవి గుర్తున్నాయని తర్వాత అడిగారు. గుర్తున్నవాటిలో చెడ్డ బొమ్మల వాటా వయసు పెరిగేకొద్దీ తగ్గింది. ముందున్న కాలం కొద్దిదేనని తెలిసినప్పుడు మనసు తనకు హాయినిచ్చేవాటినే పట్టుకుంటుందని కార్‌స్టెన్‌సన్ వివరణ. దానికి శ్రద్ధ కూడా కావాలి. పెద్దవాళ్ల ధ్యాసను ఇంకో పని మీదికి మళ్లిస్తే మంచివైపు ఆ మొగ్గు కనిపించలేదని మాథర్ 2005లో చూపించారు. అందుకే అమ్మ మాట్లాడేటప్పుడు నేను టీవీ కట్టేస్తాను.

2020లో వచ్చిన మరో అధ్యయనంలో 991 మందిని 9 ఏళ్లపాటు గమనించారు. ఉల్లాసంగా ఉన్నవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గడం తక్కువగా కనిపించింది. అంతమాత్రాన సంతోషమే మందు అనలేం. తెలిసిన వీధిలోనే దారి తప్పుతుంటే, చిల్లర లెక్క తేలకపోతుంటే వయసు మీద పడిందిలే అని ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకరోజు ఆఫీసు టెన్షన్‌లో, "ఈ గేటు కథ వందసార్లు చెప్పావమ్మా" అనేశాను. కదులుతున్న ఆ బొటనవేలు ఆగిపోయింది. వారం రోజులు అమ్మ ఏ పాత సంగతీ ఎత్తలేదు. ఆ వారం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు అడ్డం పడకుండా ఇంకో ప్రశ్న వేస్తున్నాను. మొన్న, "గేటు తీశాక ఎటు వెళ్లేవాళ్లమ్మా?" అని అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. గాంధీనగరంలో సినిమాకట. గేటు దగ్గర ఆలస్యమైతే నాన్న ఒకటే కంగారుపడేవారట. పేర్లు పడేటప్పటి నుంచి చూడకపోతే ఆయనకు సినిమా చూసినట్టే ఉండేది కాదట.