డగౌట్‌లో పిల్లల గొంతు

శ్రోతలకు నమస్కారం. బేస్‌బాల్ ఆడే పిల్లలు తమ వంతు కోసం మైదానం అంచున కూర్చున్నప్పుడు ఏమని కేకలు వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎప్పుడు మౌనంగా ఉండాలి అన్నదే నేటి నా ప్రసంగ విషయం. వినడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. పిల్లల ఆటలో దీనికన్నా పెద్ద విషయం లేదని నా నమ్మకం.

అలా కూర్చునే చోటును డగౌట్ అంటారు. పెద్ద మైదానాల్లో నేలను కొంత లోతుగా తవ్వి, పైన కప్పు వేసి దానిని కడతారు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అయితే ఒక షామియానా, లేకపోతే వేపచెట్టు నీడన వేసిన రెండు బల్లలు, అదే డగౌట్. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో బేస్‌బాల్‌కూ, దానిని పోలిన సాఫ్ట్‌బాల్‌కూ చోటుంది కనుక మన పాఠశాలల పిల్లలకు ఈ ఆటతో కొంత పరిచయం ఉన్నది.

ఈ ఆటలో ఒకరు బ్యాటింగ్ చేస్తుంటే, పరుగు తీస్తూ బేస్‌లు అనే మజిలీల మీద ఆగినవారు తప్ప జట్టులో మిగిలిన పిల్లలు దాదాపు అందరూ డగౌట్‌లోనే ఉంటారు. అంటే దాదాపు సగం ఆటను పిల్లలు కూర్చునే ఆడతారు. అమెరికాలో సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలు ఆ సగం ఆటను కేకలతో, చప్పట్లతో నింపేస్తారు. ఒకరు ఎత్తుకోగా మిగిలినవారు అందుకునే ఆ తీరు బతుకమ్మ చుట్టూ తిరిగే మన ఆడపిల్లలను తలపిస్తుంది. నాకు ఆ సందడి ఎంతో ఇష్టం. పిల్లలను మూగగా కూర్చోబెట్టమని నేను ఎన్నటికీ చెప్పను. అయితే ఆ గొంతు ఎవరి కోసం లేస్తున్నది? తమ బ్యాటర్ కోసమా, బంతి వేసే ఎదుటి పిచ్చర్ మీదికా? నా ప్రశ్న అదొక్కటే.

పిచ్చర్ సంగతి ఒక్క నిమిషం ఆలోచించండి. మైదానం నడుమ, అందరి కళ్లూ తన మీదే ఉండగా, ఒంటరిగా నిలబడే బిడ్డ ఆ పిచ్చరే. వేసిన బంతి సరైన చోట పడకపోతే అంపైర్ 'బాల్' అంటాడు. అలాంటివి నాలుగైతే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు చేరుతాడు. రెండు బాల్స్ పడగానే అవతలి డగౌట్ నుంచి లెక్క మొదలవుతుంది. మూడోది పడగానే 'వీనికి వేయనే రాదు, వీనికి వేయనే రాదు' అని కేకలు లేస్తాయి. పన్నెండేళ్ల పిల్లవాని చేయి బిగుసుకుపోవడానికి అంతకన్నా ఏం కావాలి? బేస్‌బాల్ నియమావళి కూడా దీనిని అంగీకరించదు. ఎదుటి ఆటగాళ్లను ఉద్దేశించి అనుచితమైన మాటలు అనడాన్నీ, పిచ్చర్ చేత తప్పు చేయించాలని కావాలని ఏదైనా అనడాన్నీ చేయడాన్నీ అది స్పష్టంగా నిషేధించింది.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన ఒక సంఘటన చెబుతాను. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కు లిటిల్ లీగ్ అనే సంస్థ ఉంది. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైంది. 2022 ఆగస్టు 9న టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణంలో ఆ సంస్థ ప్రాంతీయ ఫైనల్ జరిగింది. గెలిచిన జట్టుకు విలియమ్స్‌పోర్ట్ దగ్గర జరిగే ప్రపంచ స్థాయి పోటీలకు వెళ్లే అవకాశం, ఓడిన జట్టుకు ఇంటిదారి. ఒకవైపు టెక్సాస్‌లోని పేర్‌ల్యాండ్ పిల్లలు, మరొకవైపు ఓక్లహోమాలోని టల్సా పిల్లలు. ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే ఉంది. పేర్‌ల్యాండ్ పిచ్చర్ వేసిన బంతి గురి తప్పి నేరుగా టల్సా బ్యాటర్ తలకు, హెల్మెట్ మీద, తగిలింది. బాలుడు తల పట్టుకుని కిందపడిపోయాడు. లిటిల్ లీగ్‌లో పిచ్చర్‌కూ, బ్యాటర్ నిలబడే చోటైన హోమ్ ప్లేట్‌కూ నడుమ దూరం 46 అడుగులే. గంటకు 96 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని అర సెకనులో దాటేస్తుంది. తప్పుకోవడానికి వ్యవధి ఎక్కడుంది?

పెద్దలు పరుగెత్తుకొచ్చారు. కొంతసేపటికి బాలుడు లేచి, బంతి తగిలినందుకు తనకు దక్కిన మొదటి బేస్‌కు నడిచి వెళ్లాడు. ప్రమాదం తప్పింది, ఆట సాగవచ్చు. కానీ మైదానం నడుమ నిలబడిన పిచ్చర్ తల ఎత్తలేకపోయాడు. ఎదుటి పిల్లవాణ్ని గాయపరిచానన్న బాధతో కన్నీళ్లు పెట్టుకున్నాడు. మొదటి బేస్ మీద నిలబడిన బాలుడు అది చూశాడు. హెల్మెట్ తీసేసి, బేస్ వదిలి, నేరుగా పిచ్చర్ దగ్గరకు నడిచి వెళ్లి, అతన్ని దగ్గరకు తీసుకుని, నువ్వు బాగానే వేస్తున్నావని ధైర్యం చెప్పాడు. దెబ్బ తిన్నవాడే దెబ్బ కొట్టినవాణ్ని ఓదార్చాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఆ రోజు పేర్‌ల్యాండ్ 9-4తో గెలిచింది. ఓదార్చిన బాలుడి జట్టు ఓడిపోయింది.

ఆ కౌగిలింతను చాలామంది మెచ్చుకున్నారు. నన్ను కదిలించింది అంతకుముందు క్షణం. తల దిమ్మెక్కిన స్థితిలో, పోటీ మధ్యలో, ఆ బాలుడు ఎదుటివాని ముఖం చూశాడు. అలా చూడడం ఒక్కరోజులో అబ్బదు. రోజూ డగౌట్‌లో కూర్చుని ఎదుటి పిచ్చర్ తప్పులు లెక్కబెట్టి నవ్వే అలవాటున్న పిల్లవాడు, ఆ క్షణంలో ఆ పిచ్చర్‌లో తనవంటి మరొక పిల్లవాణ్ని చూడగలడా? చూడలేడనే నేను అనుకుంటాను.

అందువల్ల వ్యాయామ ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క సూచన. కేకలను కూడా సాధనలో భాగం చేయండి. బ్యాటింగ్ నేర్పినట్టే, బంతి పట్టడం నేర్పినట్టే, డగౌట్‌ను కూడా నేర్పండి. బ్యాటర్ బ్యాట్ పట్టుకుని వెళ్తున్నప్పుడు పేరు పెట్టి పిలిచి, 'నిమ్మళంగ ఆడు, బాల్ చూడు' అనాలి. పిచ్చర్ బంతి వేయడానికి సిద్ధం కాగానే అందరూ ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దం పిచ్చర్‌కు ఎంత అవసరమో మన బ్యాటర్‌కూ అంతే అవసరం. మనవాడు అవుటై తిరిగి వస్తే, 'ఫికర్ చేయకు' అంటూ ఎదురెళ్లి బ్యాట్ అందుకోవాలి. ఎదుటివారు తప్పు చేస్తే చప్పట్లు ఉండకూడదు, ఎంత మంచి పరుగు వచ్చినా సరే. ఎదుటివారు అద్భుతమైన క్యాచ్ పడితే మాత్రం చప్పట్లు కొట్టాలి.

నేను గమనించినంతలో, ఎగతాళి ఎక్కువగా చేసేది ఆడే అవకాశం రాని పిల్లలు. వారికి చేయడానికి పనేదీ ఉండదు, మనసులో కొంత చిన్నబుచ్చుకోవడం కూడా ఉంటుంది. అటువంటి పిల్లవానికి స్కోరు పుస్తకం అప్పగించండి. బాల్స్ ఎన్ని, బ్యాటర్ ఖాతాలో తప్పుగా పడే స్ట్రైక్స్ ఎన్ని, అవుట్లు ఎన్ని అని అతడే రాయాలి, బ్యాటర్ అడిగితే అతడే చెప్పాలి. మరొకరిని, హెల్మెట్ పెట్టించి, మొదటి బేస్ పక్కన నిలబెట్టండి. పరుగెత్తే తోటివానికి ఆగాలో సాగాలో చెప్పే బాధ్యత అతనిది. పని ఉన్న గొంతు ఎగతాళికి పోవడం నేను అరుదుగా చూశాను.

తల్లిదండ్రులతో కూడా ఈ మాటలన్నీ ఆటకు ముందే చెప్పండి. తాడు బయట నిలబడిన తండ్రి ఎదుటి పిల్లవాణ్ని కించపరుస్తూ అరిస్తే, డగౌట్‌లో మీరు నేర్పినదంతా ఆ ఒక్క కేకతో చెరిగిపోతుంది. ఆట మొదలయ్యాక మందలిస్తే పదిమందిలో వారికి నామోషీ, కాబట్టి టాస్ వేయకముందే వారి దగ్గరకు వెళ్లి, 'మీ బాబు పేరు ఎంత గట్టిగానైనా పిలవండి, అవతలి పిల్లల పేరు మాత్రం ఎత్తకండి' అని మర్యాదగా అడగండి. సెలవు, నమస్కారం.