మత్తుమందు మానేసిన నెలకి పాత డోసు వేసుకుంటే ఏమవుతుంది?

[తెర మీద: స్టీలు గిన్నెలో గసగసాలు. వేలితో కదిపితే ఇసుకలా జారుతున్నాయి.]

నమస్తే అండీ. కూరలో నూరి వేసుకునే గసగసాలివి. కూర గురించి భయపడక్కర్లేదు. కానీ ఈ గింజలుండే కాయ పచ్చిగా ఉన్నప్పుడు గాటు పెడితే పాలు కారతాయి. అవి ఎండి ముదురు రంగుకి తిరిగితే నల్లమందు. మార్ఫిన్, కోడీన్ అందులోవే. మార్ఫిన్‌ను మార్చితే హెరాయిన్. ట్రమడాల్, ఫెంటనిల్ ల్యాబుల్లో తయారైనవి. అన్నిటినీ కలిపి ఓపియాయిడ్స్ అంటారు.

ఒక పూల మొక్క పాలకి మన మెదడులో తాళం ఎందుకుంది? ఆ తాళాలు, అంటే రిసెప్టర్లు, ఉన్నాయని 1973లో తేలింది. జవాబు 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో దొరికింది. మెదడు తన నొప్పిమందును తానే తయారుచేసుకుంటుంది. ఆ తాళాలు దానికోసం పుట్టినవి. బయటి మందు అందులో దూరుతుందంతే.

[తెర మీద: మెదడు బొమ్మ. మధ్యలో ఒక చుక్క వెలుగుతుంది.]

ఇక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలున్నాయి. వాటిని అదుపులో ఉంచే కాపలా కణాలు పక్కనే ఉంటాయి. ఓపియాయిడ్ ఆ కాపలాని నిద్రపుచ్చుతుంది. డోపమిన్ పొంగుతుంది. 'ఇది ముఖ్యం, మళ్లీ కావాలి' అని మెదడు రాసిపెట్టుకుంటుంది.

కింద, మెదడు కాండంలో, మనల్ని మెలకువగా ఉంచే చిన్న కణాల గుంపు ఉంది. మందు రోజూ దాన్ని అణచిపెడుతుంటే, అది రోజురోజుకీ ఇంకా గట్టిగా తోయడం మొదలుపెడుతుంది. ఒకరోజు మందు అందలేదనుకోండి. అణిచే చెయ్యి లేదు, తోయడం మాత్రం ఆగలేదు. ఆవలింత మీద ఆవలింత, ముక్కు కారడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం. 'వాడికి బుద్ధి లేదు' అనే మాట వింటే నాకు బాధేస్తుంది. అప్పుడు ఆ మనిషి వెతుక్కునేది సరదా కాదు, ఆ నరకం ఆగే దారి.

ఇక అసలు విషయం. ఊపిరి తీసుకోమని గుర్తుచేసే కణాల మీద కూడా ఇవే తాళాలున్నాయి. రోజూ వాడేవాళ్లలో ఆ కణాలు మందుకి కొంత అలవాటు పడతాయి. మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. కోరిక మాత్రం అంత త్వరగా పోదు. మత్తు మాన్పించే సెంటర్‌ నుంచో జైలు నుంచో వచ్చిన మనిషి పాత లెక్క ప్రకారమే వేసుకుంటాడు. నెల క్రితం తట్టుకున్న డోసే ఈసారి ఊపిరి ఆపేయొచ్చు. పూర్తిగా మానేశాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే రోజులే చాలా ప్రమాదకరమైనవి.

అందుకే డాక్టర్లు బుప్రెనార్ఫిన్ నెలల తరబడి, ఏళ్ల తరబడి కూడా ఇస్తారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఒక మత్తు మానిపించి ఇంకోటి ఇస్తున్నారని చాలామంది గొడవపడతారు. ఇది తాళంలో కూర్చుంటుంది కానీ సగమే తిప్పుతుంది. కోరిక తగ్గుతుంది, మనిషి పనికి వెళ్లగలడు. డోసు పెంచినా ఊపిరిని అణచడం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. నిద్రమాత్రలు గానీ మద్యం గానీ దీనితో కలిస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు. ఇంట్లోవాళ్లు తొందరపెట్టి ఆపించొద్దు. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో వైద్యం ఎక్కడుందో చెబుతారు.

క్యాన్సర్ నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాస్తే, ఈ వీడియో చూసి ఆపేయకండి. ఆ నొప్పికి అది అవసరమైన మందు.

[తెర మీద: పక్కకి తిప్పి పడుకోబెట్టిన మనిషి బొమ్మ.]

కంటిపాప సూదిమొనంత చిన్నదైపోయి, పెదవులు నీలంగా మారి, ఊపిరి గురకలా ఆగి ఆగి వస్తుంటే, తట్టినా లేవకపోతే, వెంటనే 108. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఆసుపత్రిలో ఇచ్చే నాలోక్సోన్ ఆ మందుని తాళం నుంచి తోసేస్తుంది. కొన్ని నిమిషాల్లో మనిషి లేచి కూర్చుని, ఇంటికి పోదామంటాడు. తీసుకెళ్లకండి. నాలోక్సోన్ గంటా గంటన్నరలో దిగిపోవచ్చు, అసలు మందు అప్పటికింకా ఒంట్లోనే ఉండొచ్చు.