ఫోర్డైస్ స్నానశాల: వేడినీళ్లు, వాటి చుట్టూ లేచిన గోడలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కర్నూలులో నిలబడి ఊటనీళ్ల గురించి మాట్లాడాలంటే కొంచెం జంకే. మహానంది కోనేరులో మునగనివాళ్లు ఈ హాలులో ఎంతమంది ఉంటారు? మన ఊట చలికాలంలో గోరువెచ్చగా తగులుతుంది, అంతే. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ ఊరిలో నీళ్లు సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వేడితో పైకొస్తాయి. చల్లార్చకుండా పోసుకుంటే బొబ్బలే.

అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. వాననీళ్లు రాళ్ల సందుల్లో బాగా లోతుకు ఇంకి, భూమి లోపలి వేడికి కాగి, పగుళ్ల వెంట గబగబా ఎక్కివస్తాయి. ఇవాళ తొట్టిలో పడే నీళ్లు దాదాపు 4,400 ఏళ్ల కిందట కురిసిన వాన అని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

1832లోనే అక్కడి ప్రభుత్వం ఆ ఊటల నేలను రిజర్వు చేసి పెట్టింది. నీళ్లు సర్కారువి, స్నానశాలలు నడిపింది మాత్రం వ్యాపారులు. మొదట్లో చెక్క కట్టడాలు, తర్వాత ఒకే వీధిలో వరుసగా పెద్ద భవనాలు. వాటిలో 1915లో తెరిచిన ఫోర్డైస్ హంగు చెప్పనలవి కాదు. కట్టించిన శామ్యూల్ ఫోర్డైస్ రైల్వే వ్యాపారి. ఈ నీళ్లే తన ప్రాణం నిలబెట్టాయని అతని నమ్మకం. మగవాళ్ల హాలుకు జలకన్యల బొమ్మలతో రంగుటద్దాల కప్పు, పైన వ్యాయామశాల, సంగీతం గది, నేలమాళిగలో బంతి దొర్లించి కర్రపిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట! కీళ్లనొప్పులని వచ్చినవాళ్లు వారాల తరబడి డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం స్నానాలు చేసేవాళ్లు.

ఆ తొట్లు నింపి, ఒళ్లు రుద్ది, తువ్వాళ్లు చుట్టింది నల్లజాతి పనివాళ్లు. అదే తొట్టిలో దిగే హక్కు మాత్రం వాళ్లకు లేదు, వాళ్ల స్నానశాలలు వేరు. నాకు ఆ అద్దాల కప్పు కన్నా ఇదే ముఖ్యమనిపిస్తుంది. అమెరికావాళ్లను వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు. కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంతకుముందు ఎన్ని కోనేళ్ల మెట్లు ఎంతమందికి దూరమో మనకు తెలియనిది కాదు.

పెన్సిలిన్ లాంటి మందులు వచ్చాక స్నానవైద్యానికి గిరాకీ పడిపోయింది. 1962లో ఫోర్డైస్ మూతపడింది. 1989లో బాగుచేసి మ్యూజియంగా తెరిచారు. ఆ వీధిలోనే 1912 నాటి బక్‌స్టాఫ్‌లో మాత్రం ఇప్పటికీ పాత పద్ధతి స్నానాలు జరుగుతున్నాయి.

మీ పిల్లలెవరైనా అటు వెళ్తే ఫోర్డైస్‌లో ఆడవాళ్ల విభాగం కూడా తప్పకుండా చూడమనండి. మగవాళ్ల హాలు కన్నా చిన్నది, సాదాది. ఫోటోలన్నీ అద్దాల కప్పువే వస్తాయి కాబట్టి చెబుతున్నా.