మందలించుడు

శ్రోతలకు నమస్కారం.

మన వరంగల్ దిక్కు మందలించుడు అంటే పలకరించడం. ‘నిన్న బజార్ల కలిస్తే సారు మంచిగ మందలిచ్చిండు’ అని మా అటెండరు ఒకసారి అంటే, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు కంగారుపడ్డాడు. ‘నేను నిన్నేమీ అనలేదు కదయ్యా’ అన్నాడు. వాళ్ల వైపు మందలించడమంటే చీవాట్లు పెట్టడం. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. కొన్నేళ్లకు అదే ఆఫీసులో, ఆ రెండర్థాలూ ఒకే మనిషి మీద ఒకే రోజు పనిచేయడం చూశాను.

హన్మకొండలో ఆఫీసు. మా సెక్షన్‌లో ఒక అక్క ఉండేది. శ్రావణమాసంలో ఆమె తమ్ముడు ఆత్మహత్యతో పోయాడు. పదకొండోనాడు దినాలయ్యాయి, పదమూడోనాడు ఆమె డ్యూటీకి వచ్చింది. రిజిస్టర్లో సంతకం పెట్టి తన కుర్చీలో కూర్చుంది. పది మందిమి ఉన్నాం, పది తలలూ ఫైళ్లలోనే. నేను లేచి వెళ్లి ‘ధైర్యంగ ఉండక్కా’ అన్నాను. ఆమె ఏమంటుందో వినకుండానే జిరాక్సు అని చెప్పి బయటికి పోయాను. తీయాల్సిన జిరాక్సు ఏదీ లేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు ఒక పెద్దాయన, ప్రేమతోనే అనుకుంటా, అడిగాడు: ‘ఏమ్మా, పిల్లగానికి ఏమన్న అప్పులుండెనా? ఇంట్ల లొల్లి ఏమన్న అయిందా?’ అక్క డబ్బా మూత పెట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఒక్కతే తిన్నది.

ఆ రోజు మా అందరిలో సరిగ్గా మందలిచ్చింది అటెండరొక్కడే. టేబుల్ మీద చాయ్ పెట్టి, ‘అక్కా, మీ తమ్ముడు మొన్న బండి తాళం ఇచ్చిపోవడానికి వచ్చినప్పుడు నా చేతి చాయ్ రెండు గ్లాసులు తాగిండు. చక్కెర జర ఎక్కువెయ్యమన్నడు’ అన్నాడు. అక్క ఏడ్చింది. మేం వాడి మీద గుర్రుమన్నాం. ఆమె మాత్రం కళ్లు తుడుచుకొని చాయ్ మొత్తం తాగి, ‘ఇన్ని దినాలల్ల వాని బతుకు ముచ్చట చెప్పింది నువ్వే. అందరు చావు ముచ్చటే అడిగిండ్రు’ అన్నది.

ఏ చావైనా దుఃఖమే. కానీ ఈ చావు వెంట ఠాణా కూడా వస్తుంది. పంచనామా, ఎంజీఎం ఆసుపత్రిలో పోస్టుమార్టం, ఆ తర్వాత వాంగ్మూలాలు. ఇవి చట్టప్రకారం తప్పవు. ఒకప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 సెక్షన్ కింద జరిగేవి, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194 కింద జరుగుతున్నాయి. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి డ్యూటీ మధ్యలో ఠాణా నుంచి ఫోన్ వస్తుంది. పక్క సీటువాళ్లు వింటుండగా ‘అవును సార్, ఆ రోజు నేను ఆఫీసులోనే ఉన్న’ అని చెప్పాలి.

ఆ మాటలో ఎంత ఉందో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం తమ్ముడు ఆమెకు ఫోన్ చేశాడట. ఎదురుగా నెలాఖరు బిల్లులున్నాయి. కట్ చేసి, తర్వాత చేస్తానని మెసేజ్ పెట్టింది. ఏ కుర్చీలో కూర్చొని ఫోన్ కట్ చేసిందో, పదమూడోనాడు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. మేం ఫైళ్లలో తలలు దూర్చిన ఆ గంటసేపు ఆమె ముందున్నది ఆ ఫోనే.

వింటున్నవాళ్లలో ఇలాంటి ఫోన్ కాల్‌ను మోస్తున్నవాళ్లు ఉండొచ్చు. మీతో ఒకటి చెప్పాలి. ఆత్మహత్య ఒక్క ఫోన్ వల్లనో, ఒక్క తిట్టు వల్లనో, ఒక్క అప్పు వల్లనో జరగదు. గుర్తించని మానసిక జబ్బు, నష్టం, తాగుడు, ఒంటరితనం, ఇంకా ఎన్నో పెనవేసుకొని ఉంటాయి. ఆ క్షణాన మీ చేతిలో ఉన్నది రోజూ వచ్చేలాంటి ఫోనే. ఇవాళ తెలిసినదాన్ని పట్టుకొని, ఏమీ తెలియని ఆ రోజు మనిషిని దోషిని చేయకండి.

మా సూపరింటెండెంటు గారికి ఈ ఫోన్ సంగతి తెలియదు. అయినా మూడోరోజు అక్కను గదిలోకి పిలిచి, ‘సీటు ఇక్కడే ఉండనియ్యమంటారా, మార్చమంటారా? ఠాణా ఫోన్లు వస్తే నా రూంలోకి వచ్చి మాట్లాడుకోండి. అందరికీ ఏం చెప్పమంటారో, ఏం చెప్పొద్దంటారో అది కూడా చెప్పండి’ అన్నారు. అక్క కిటికీ పక్క సీటు అడిగింది. మొత్తం ఐదు నిమిషాల మాట. ఆయన తనంతట తానే సీటు మార్చి ఉంటే ఆమెను మూలకు నెట్టినట్టుండేది. అడిగారు కాబట్టి అది ఆమె తీసుకున్న నిర్ణయమైంది.

రెండు నెలలు ఆమె కూడికల్లో తప్పులొచ్చాయి. దుఃఖంలో నిద్ర దూరమవుతుంది, నిద్రతోపాటు అంకెలూ పోతాయి. ‘అక్కా, బిల్లులు నేను ఇంకోసారి చూస్త’ అని ఆమెకు చెప్పే చూశాను. చాటుగా దిద్దితే, తెలిసిన రోజు అదో అవమానం.

మన భాష గురించి కూడా ఒక మాట. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాస్తాం, చదువుతాం. తెలుగులో మనిషి ఇంకా వేటికి పాల్పడతాడు? దొంగతనానికి, అవినీతికి, దౌర్జన్యానికి. ఆ వరుసలో తమ్ముడి పేరు వినబడితే అక్కకు ఎలా ఉంటుంది? చట్టమే ఆ నేరపు చూపును చాలావరకు వదులుకుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనుషులుగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్, 2024 జులై 1న అమల్లోకొచ్చిన న్యాయ సంహితలోకి రాలేదు. నోరే ఇంకా పాత చట్టం మాట్లాడుతోంది. ‘ఆత్మహత్యతో పోయాడు’ అంటే సరిపోతుంది.

జాతీయ నేర గణాంకాల్లో 2022లో నమోదైన ఆత్మహత్యలు 1,70,924. ఒక్కో మరణం ఆ మనిషిని ఎరిగిన 135 మందిని తాకుతుందని 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. మన ఊళ్లలో దినాలకు వచ్చే జనాన్ని చూస్తే నాకది తక్కువ లెక్కే అనిపిస్తుంది. వాళ్లంతా నాలుగు రోజులకు ఎక్కడో ఒక పనిలోకి పోవాల్సినవాళ్లే.

అందరికీ కుర్చీ, కిటికీ ఉండవు. ఎనుమాముల మార్కెట్లో హమాలీది బస్తాల లెక్క. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్లకు సాంచె ఆగితే కూలి ఆగుతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు, 20 రోజులకు ఒకటి చొప్పున జీతంతో సెలవు వచ్చేది. చావుకని ప్రత్యేకంగా సెలవు అందులో ఉండేది కాదు. ఇలాంటి చోట్ల ముఠాలో మిగతావాళ్లు వారం పది రోజులు అతని వాటా పక్కన పెట్టడమే సెలవు. మీసేవకు, మున్సిపాలిటీకి ఒకరు తోడుపోయి మరణ ధృవపత్రం పని చూడటమూ మందలించుడే. ఆ నమోదుకు గడువు 21 రోజులు.

పోయినవాడు మనతో పనిచేసినవాడే అయితే? అప్పుడు పలకరించాల్సింది ఆఫీసు మొత్తాన్ని. వార్త వాట్సాప్‌లో పాకకముందే, ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనన్న మాటల్లోనే పెద్ద సారు అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఎలా జరిగిందన్న వివరం వద్దు. ఫొటోలు అసలే వద్దు. కుర్చీని తెల్లారేసరికి తీసేయొద్దు, ఏళ్లపాటు గుడి చేయనూ వద్దు. అతను పోవడానికి ముందురోజు అతనితో గొడవపడినవాడు ఒకడుంటాడు. మొదట వాడి దగ్గరికి వెళ్లండి. ఇలా తర్వాత చేసే ఆదరణకు ఎడ్విన్ ష్నైడ్మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పోస్ట్‌వెన్షన్ అని పేరు పెట్టాడు. తర్వాతి చావును ఆపే పని అక్కడే మొదలవుతుందని ఆయన నమ్మకం.

ఎందుకంటే మిగిలినవాళ్లకూ ప్రమాదం ఉంది. తోటి ఉద్యోగి ‘నేనుండి ఏం లాభం’ అంటుంటే, ‘చచ్చిపోవాలని ఏమన్న అనిపిస్తుందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. డబ్బులు కట్టేది లేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మనకు దగ్గర్లో ఎంజీఎంలోనూ మానసిక వైద్య విభాగం ఉంది.

ఆ ఏడు పెత్రమాస, అంటే పెద్దల అమావాస్యనాడు అక్క వాళ్ల తల్లిగారింట్లో తమ్ముడి పేరు మీద బియ్యం ఇచ్చారు. మరునాడు మా ఆఫీసు వరండాలో బతుకమ్మ. ఆమెను పిలవాలా వద్దా అని ఆడవాళ్లంతా గుసగుసలాడుతుంటే, కొత్తగా చేరిన అమ్మాయి నేరుగా పోయి అడిగింది: ‘అక్కా, మాతోటి పేరుస్తవా? ఊకె కూసుంటవా? రావద్దనిపిస్తే రాకు.’

‘ఈ ఏడు ఆడను. కూసుంట. ఆ గునుగు ఇటియ్యి, కట్టలు కడత’ అన్నది అక్క.

కట్టలు కడుతూ, ధర్మసాగర్ చెరువు దిక్కు నుంచి తమ్ముడు సైకిల్ నిండా తంగేడు పూలు మోసుకొచ్చేవాడని మొదలుపెట్టింది. అటెండరు చాయ్ తెచ్చేదాకా చెబుతూనే ఉంది.