రోగాన్ని వదిలి బిల్లు చూసిన అల్గారిథమ్

[తెరపై: రోగుల జాబితా, ఒక్కొక్కరి పక్కన స్కోరు]

ఏఐలో పక్షపాతం అనగానే, "కులం, జాతి కాలమ్ తీసేస్తే సరిపోదా?" అంటారు చాలామంది. అమెరికా ఆసుపత్రుల్లో వాడిన, డేటా చూసి అంచనా వేసే ఒక అల్గారిథమ్‌కి జాతి వివరం ఇవ్వనే లేదు. అయినా నల్లజాతి రోగులు వెనకబడిపోయారు.

దాని పని ఇదీ: ఎవరికి అదనపు సాయం కావాలో తేల్చడానికి రోగులకు స్కోరు వేయడం. స్కోరులో పైనున్న 3 శాతం మందిని నేరుగా ప్రత్యేక సంరక్షణకు ఎంపిక చేసేవారు. వాళ్లకు అదనంగా నర్సుల సాయం, అపాయింట్‌మెంట్లు దొరికేవి.

[తెరపై: రెండు బార్లు, 3.8, 4.8]

పరిశోధకుడు జియాద్ ఒబెర్‌మేయర్ బృందం ఒకే స్కోరు వచ్చినవాళ్లను పక్కపక్కన పెట్టి చూసి, 2019లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఆ ఎంపిక గీత దగ్గర శ్వేతజాతి రోగికి సగటున 3.8 దీర్ఘకాలిక జబ్బులుంటే, నల్లజాతి రోగికి 4.8.

తప్పు లెక్కలో లేదు, మోడల్‌కి, అంటే ఆ అల్గారిథమ్‌కి, పెట్టిన లక్ష్యంలో ఉంది. ఎవరికి జబ్బు ఎక్కువో చెప్పమనలేదు, ఎవరి మీద ఖర్చు ఎక్కువవుతుందో చెప్పమన్నారు. బిల్లుల డేటా సిద్ధంగా దొరుకుతుంది మరి! కానీ అన్నే జబ్బులున్నా నల్లజాతి రోగి మీద ఏడాదికి సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చయ్యేది. వైద్యం అందకపోతే బిల్లు తగ్గుతుంది, రోగం తగ్గదు. మన దగ్గరా అంతే, తండా నుంచి పెద్దాసుపత్రికి రాలేనివాళ్ల పేరు మీద బిల్లే ఉండదు.

ఖర్చును మాత్రం ఇద్దరికీ సరిగ్గానే అంచనా వేసింది. అందుకే మామూలు పరీక్షల్లో లోపం కనబడలేదు.

[తెరపై: స్కోర్ల పట్టిక పది భాగాలుగా]

మీ మోడల్‌ని ఇలా చూడండి. స్కోర్లను పది భాగాలు చేసి, ఒక్కో భాగంలో వర్గాలవారీగా అసలు అవసరాన్ని కొలవండి. ఇక్కడైతే అది జబ్బుల సంఖ్య, బీపీ, షుగర్ రీడింగులు. ఒకే స్కోరు దగ్గర తేడా వస్తే ముందు లక్ష్యాన్ని అనుమానించండి. కొత్త డేటా కోసం పరుగెత్తడం తర్వాత.

అసమానత పోతే అదనపు సాయం అందేవారిలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని ఆ బృందం లెక్కగట్టింది. తర్వాత తయారీ సంస్థతో కలిసి, ఖర్చుకు ఆరోగ్య అంచనాను జోడించి చూస్తే పక్షపాతం 84 శాతం తగ్గింది.

ఇదంతా కనిపెట్టగలిగింది మోడల్‌కి ఇచ్చిన డేటా, వచ్చిన స్కోరు, ఆ తర్వాత రోగి పరిస్థితి మూడూ చేతికందాయి కాబట్టి. అమ్మేవాళ్లు స్కోరు ఒక్కటే చూపిస్తామంటే ఆ 3.8కీ 4.8కీ మధ్య తేడా ఎవరికీ కనబడదు. కొనే ఒప్పందంలోనే ఆ మూడూ రాయించుకోండి.