యెష్షయి ఇంట్లో పిలవని ఒక్కడు
(చిత్తూరులో ఒక ఆదివారం ఆరాధనలో ఇచ్చిన ప్రసంగం)

అందరికీ వందనాలు. ఈరోజు మొదటి సమూయేలు 16వ అధ్యాయం తీసుకుందాం. మనుషులు పైరూపాన్ని చూస్తారు, దేవుడు హృదయాన్ని చూస్తాడు అనే మాట మనందరికీ నోటికొచ్చు, ఇంట్లో గోడ మీద క్యాలెండర్లో కూడా ఉంటుంది. అయితే ఆ మాటను మనం ఎప్పుడు బయటికి తీస్తామో గమనించారా? నెల రోజులు ఆరాధనకు రాకపోతే, ఎవరినైనా నొప్పించి క్షమాపణ అడగడానికి మనసు రాకపోతే, "దేవుడు నా హృదయం చూస్తాడులే బ్రదర్" అంటాం. మనల్ని మనం వెనకేసుకురావడానికే అది మనకు పనికొస్తోంది.

దేవుడు ఆ మాట అన్నది ఎదుటివాళ్ళను చూస్తున్న మనిషితో. అది కూడా చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగి, దేవుని స్వరం విన్న సమూయేలుతో. అంతకుముందు ఇశ్రాయేలుకు రాజుగా వచ్చిన సౌలు భుజాల నుంచి పైకి అందరికన్నా ఎత్తు, ఆ ఎత్తైన మనిషి ఎలా పాడైపోయాడో సమూయేలు కళ్ళారా చూశాడు, సౌలు కోసం ఇంకా దుఃఖపడుతూనే ఉన్నాడు. అంత జరిగినా, సౌలు స్థానంలో కొత్త రాజును అభిషేకించడానికి బేత్లెహేములో యెష్షయి ఇంటికి వెళ్ళినప్పుడు, అతని పెద్దకొడుకు ఏలీయాబు ఎదురుగా నిలబడేసరికి, ఇతనే అభిషేకం పొందాల్సినవాడు అనుకున్నాడు. అతని ఎత్తు చూడొద్దని దేవుడే చెప్పాల్సి వచ్చింది. ప్రవక్త కళ్ళకే ఇలా అయితే మన కళ్ళ సంగతి ఏం చెప్పాలి!

ఇప్పుడు మన మందిరంలోకి వద్దాం. మామిడి సీజన్‌లో జ్యూస్ ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్ట్ చేసి ఆరాధనకు వచ్చే అక్కలు మనకున్నారు. వాళ్ళ చేతులు ఎప్పుడైనా దగ్గర నుంచి చూడండి, కాయల సొన పడి కాలిన నల్లటి మచ్చలు మణికట్టు దాకా ఉంటాయి, గోళ్ళ సందుల్లో పసుపు ఎంత కడిగినా పోదు. కానుక వేసేటప్పుడు ఆ చేతిని కొంగు కింద దాచుకుని వేసే ఒకామెను నేను చాలాసార్లు చూశాను. ఆయమ్మ ఎప్పుడూ చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, వాకిలి పక్కనే కూర్చుంటుంది. ముందుకు రామ్మా అని ఎవరం అనం. అదే కారులో ఎవరైనా దిగితే, వాళ్ళెవరో తెలియకపోయినా ఇద్దరు పరుగెత్తి ముందు వరుసలో కుర్చీ వేస్తారు. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు అని రాసి ఉంది చూడండి, దాదాపు 2000 ఏళ్ళయినా ఆ కుర్చీలు కదల్లేదు.

పెళ్ళి సంబంధాల సంగతి ఇంకా ఘోరం, చెప్పక తప్పదు. రక్షణ పొందిన అమ్మాయి కావాలి, ప్రార్థనాపరురాలు కావాలి అంటాం, ఫోటో చేతికి రాగానే మొదటి ప్రశ్న "రంగు కొంచెం తక్కువా?" అని. తర్వాత వాళ్ళు ఏమిట్లు అని, గొంతు తగ్గించి, కులం ఆరా తీస్తాం. పాటలు బాగా పాడే, సండే స్కూలు పిల్లలకు ఓపిగ్గా వాక్యం నేర్పే ఆడపిల్లలు ఇలాంటి మాటలు విని విని అద్దం ముందు ఏడుస్తున్నారు. ఆ కన్నీళ్ళకు సంఘంగా మనం జవాబు చెప్పాలి.

మేము నగలు పెట్టుకోము, పూలు పెట్టుకోము, తెల్లచీరే కడతాము, మాకు పైరూపం మీద ఆశ లేదు అనే అక్కలు కూడా ఉన్నారు. వారి భక్తిని నేను తక్కువ చేయను. అయితే పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. జడలు, బంగారంతో పాటు బట్టలు కట్టుకోవడం కూడా ఆ వరుసలోనే ఉంది. బట్టలు మానేయమని ఎవరూ అర్థం చెప్పుకోరు కదా, మన అందం వాటి దగ్గర ఆగిపోకూడదు, లోపలి మృదువైన స్వభావంలో ఉండాలి అన్నది అక్కడి మాట. కొత్తగా మందిరానికి వచ్చిన కోడలిపిల్ల చెవుల్లో కమ్మలు చూసి "ఇంకా మారలేదా" అని అందరి ముందు అడిగామంటే, మన చెవులకు బంగారం లేకపోయినా మనం చూస్తున్నది పైరూపమే.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పైరూపం చూడకూడదన్నారు కాబట్టి ఫలానావాడి హృదయం నాకు తెలుసు అని మొదలుపెడతాం. తర్వాతి అధ్యాయంలో దావీదు యుద్ధభూమికి వచ్చినప్పుడు ఏలీయాబు ఏమన్నాడో చూడండి, నీ గర్వం, నీ హృదయపు చెడుతనం నాకు తెలుసు అన్నాడు. వచ్చినవాడు తండ్రి పంపితే రొట్టెలు మోసుకొచ్చిన తమ్ముడు! హృదయం చూడటం దేవుడు మనకు అప్పగించిన పని కాదు, అది ఆయన తన దగ్గరే పెట్టుకున్నాడు.

మరి మనం చేయాల్సింది ఏమిటి? మనకు గంట దూరంలో వేలూరు ఉంది, ఇక్కడ ఆ ఊళ్ళోని సిఎంసి ఆసుపత్రికి వెళ్ళని కుటుంబం తక్కువ. 1946లో అక్కడికి డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. వంకర తిరిగిన చేతులు, ఊడిన వేళ్ళు చూసి లోకం కుష్ఠురోగుల నుంచి ముఖం తిప్పుకునే కాలం అది. ఆయన ఆ చేతులను పట్టుకుని పరీక్షించారు. మాంసం దానంతటదే కుళ్ళిపోవడం లేదు, నరాలు దెబ్బతిని నొప్పి తెలియక, కాలినా తెగినా పట్టించుకోక వేళ్ళు పోతున్నాయి అని గ్రహించారు. ముడుచుకుపోయిన చేతులను ఆపరేషన్లతో మళ్ళీ పనికి తెచ్చారు. చేతులు బాగైనా, ముఖం చూసి జనం దగ్గరికి రానివ్వకపోతే, పోయిన కనుబొమలకు, కుంగిన ముక్కులకు కూడా ఆపరేషన్లు చేశారు. పైరూపం ఆయనకు చిన్న విషయం కాలేదు, ఎందుకంటే ఆ రూపం వల్ల ఒక మనిషి ఎంత అవమానం మోస్తున్నాడో ఆయనకు తెలుసు. మార్కు సువార్త 1వ అధ్యాయంలో యేసు ప్రభువు కూడా కుష్ఠురోగిని దూరం నుంచి మాటతో పంపేయలేదు, కనికరపడి చెయ్యి చాపి ముట్టాడు.

మళ్ళీ సమూయేలు దగ్గరికి రండి. ఏడుగురు కొడుకులు అతని ముందు నుంచి వెళ్ళారు, ఎవరూ కాదు. అప్పుడు కూడా దేవుడు అతనికి హృదయాలు చూసే కళ్ళు ఇవ్వలేదు. సమూయేలు ఒక్క ప్రశ్న అడిగాడు, నీ కొడుకులు అందరూ ఇంతేనా అని. కడసారివాడు ఉన్నాడు, గొర్రెలు కాస్తున్నాడు అన్నాడు తండ్రి. ఆ కడసారివాడే దావీదు. వాణ్ణి పిలిపించు, వాడు వచ్చేదాకా మనం కూర్చునేది లేదు అన్నాడు సమూయేలు. ఈ ప్రశ్న మనమూ అడగగలం, దీనికి ప్రవక్త కానక్కర్లేదు.

అందుకే సంఘ పెద్దలను ఒకటి అడుగుతున్నాను. మొదటి ఆదివారం ప్రభు బల్ల మనం తొమ్మిదిన్నరకే ముగిస్తున్నాం. షిఫ్ట్ దిగి, ఇంట్లో పిల్లలకు ఇంత వండిపెట్టి ఆ అక్కలు వచ్చేసరికి పది దాటుతోంది, సీజన్ అంతా వాళ్ళకు రొట్టె, ద్రాక్షారసం అందడం లేదు. కొరింథు సంఘంలో కలిగినవాళ్ళు ముందుగా తినేసి లేనివాళ్ళను ఆకలితో ఉంచుతుంటే, ఒకరి కోసం ఒకరు ఆగండి అని పౌలు రాశాడు, మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయం. సీజన్ అయ్యేదాకా బల్లను పదిన్నరకు మార్చండి. ఎండ ఎక్కువవుతుంది, వంట ఆలస్యమవుతుంది అనేవాళ్ళు ఉంటారు, ఆ గంట మనం ఓర్చుకుందాం.